ఈసీజీ నార్మల్ వచ్చాక

నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇది తెలియని ఇల్లు తక్కువ. మిర్చి మీద పెట్టిన అప్పు తీరని రైతు, అన్నం తిని పడుకున్నవాడు ఉన్నట్టుండి లేచి కూర్చుంటాడు. గుండె దడదడలాడుతుంది. చెమటలు, చేతులకు తిమ్మిరి, ఊపిరి అందదు. "పానం పోతాంది" అంటాడు. ఆర్ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కిస్తాడు. తెల్లారి వరంగల్ తీసుకుపోతే ఈసీజీ నార్మల్. "ఏం లేదు, టెన్షన్ పెట్టుకోకు" అని పంపిస్తారు. ఇక ఇంట్లో, వాడకట్టులో ఒకటే మాట: పిరికి మనిషి.

ఆ మాట అన్యాయం. ఆ రాత్రి ఆయన ఒంట్లో జరిగిందంతా నిజం.

ఆపద వచ్చిందని మెదడు అనుకోగానే మూత్రపిండాల పైనుండే గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. పారిపోవాలన్నా, తలపడాలన్నా కండరాలకు రక్తం కావాలి. అందుకే గుండె వేగం పెంచుతుంది. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే దీని మీద పుస్తకం రాశాడు. పాకాల అడవిలో ఎలుగుబంటి ఎదురైతే మనల్ని కాపాడేది ఇదే. మంచం మీదున్న మనిషికి పరుగెత్తే పని లేదు, అయినా ఊపిరి గబగబా లాగుతాడు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి చావొచ్చిందనుకుంటాడు. ఆ భయానికి మళ్లీ అడ్రినలిన్. మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించింది ఈ చక్రాన్నే.

సాధారణంగా ఇది పది నిమిషాల్లో తారాస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. కానీ తగ్గించింది సెలైనే అని మనసులో నాటుకుంటుంది.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. వరంగల్ బస్సులో ఒకసారి దడ వస్తే గిర్నిబావి దగ్గరే దిగిపోతాడు. దిగగానే తేలిక. ఇక బస్సెక్కడు. కొన్నాళ్లకు అంగడి, పెళ్లిళ్లు కూడా మానేస్తాడు. చికిత్స దీనికి ఎదురు నడిపిస్తుంది: మెట్లెక్కించి, కావాలనే దడ పుట్టించి, అది తగ్గేదాకా ఉండనిస్తారు. తర్వాత బస్సులో ఒక స్టేజీ, ఆపైన రెండు. మందులూ పనిచేస్తాయి, డాక్టరు చెప్పకుండా ఆపకూడదంతే.

పక్కనున్నవాళ్లు చుట్టూ మూగొద్దు. "తగ్గుతది, నేనీడనే ఉన్న" అని చెప్పి, పీల్చేదానికన్నా వదలడం ఎక్కువసేపు ఉండేలా తనతోపాటు ఊపిరి తీస్తే చాలు.

అయితే ఛాతీ నొప్పి మొదటిసారి వస్తే భయమేలే అని ఇంట్లో తేల్చేయకూడదు. గుండె, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాల్సిందే. అవి బాగుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం పోలేనివాళ్లకు 2022లో మొదలైన టెలి మానస్ ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.