అవ్వల ఎముకలు ఏల విరుగును?

మన యిండ్లలో నడుము వంగిన అవ్వ యొకతె తరచుగా కానవచ్చును. చీర కుచ్చెళ్లు నేల జీరాడుచున్నవని, వెనుకటికంటె తాను పొట్టియైతినని ఆమె నవ్వుచు చెప్పును. ముసలితనమని మనము ఊరకుందుము. అది వెన్నుపూసలు చితికినందువలన కలిగిన మార్పు కావచ్చును. ఒక్కొక్కప్పుడు నొప్పి లేకుండగనే అట్లు జరుగును.

ఎముక రాయివలె నిర్జీవము కాదు. ఒక జాతి కణములు పాత ఎముకను కరగించుచుండగా, వేరొక జాతి కణములు క్రొత్త ఎముకను కట్టుచుండును. సుమారు 30 ఏండ్ల వరకు రాబడి యెక్కువ. పిమ్మట మెల్లగా వ్యయము మించును. స్త్రీ శరీరమందలి ఈస్ట్రోజను అను హార్మోను ఈ కరగుటను అదుపులో నుంచును. 45, 50 ఏండ్ల ప్రాయమున బహిష్టులు నిలుచునప్పుడు ఆ హార్మోను తగ్గిపోవును. తరువాతి కొన్ని సంవత్సరములు ఎముక త్వరితముగా పలుచబడును. ఈ సంబంధమును 1940 ప్రాంతమున అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ వివరించెను.

అట్టివారు కాలు జారి పడినంతమాత్రమున మణికట్టో, తుంటియో విరుగును. మణికట్టు సాధారణముగా అతుకును. తుంటి సంగతి వేరు. పుత్తూరు కట్టు పేరు వినని యిల్లు మన ప్రాంతమున అరుదు. కట్టుపై పెద్దలకు గల నమ్మకమును మేము తేలిక చేయము. కాని తుంటి విరిగిన వృద్ధురాలిని నెలల తరబడి మంచమున నుంచినచో పడకపుండ్లు, ఊపిరితిత్తులలో నెమ్ము, కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టుట సంభవించి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. పెక్కుమందికి శస్త్రచికిత్స చేసి, త్వరలోనే నడిపింతురు. ఒకసారి విరిగినవారికి మరల విరుగు అవకాశము హెచ్చు గనుక, ఎముక సాంద్రతను కొలుచు పరీక్షను గూర్చియు, మందులను గూర్చియు వైద్యుని అడుగవలెను.

నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. హోసూరు, కృష్ణగిరి సీమవారికి సంకటి యుండుట భాగ్యమే. అయినను ఈ ప్రాయపు స్త్రీలకు దినమునకు 1200 మిల్లీగ్రాములు కావలెను. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు తోడు కావలెను. ఎండ, నడకయు అవసరము. చిన్ననాట కూడబెట్టిన ఎముకయే పెద్దనాట ఖర్చగును గనుక, కొడుకునకు పాలుపోసి కూతునకు మజ్జిగనీళ్లు పోయు తల్లులు ఈ లెక్కను చూడవలెను.

బాలలు నేడే చేయదగిన పని యొకటి కలదు. స్నానపుగది నేలపై పాచి గీకుడు. అవ్వ రాత్రివేళ లేచి నడచు దారిలో దీపముంచుడు.