పల్చటి ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచవచ్చా?

ప్రశ్న: లక్ష దాటి పెట్టి పల్చటి ల్యాప్‌టాప్ కొన్నాను. ర్యామ్ 8 జీబీ. ఇప్పుడు బ్రౌజర్, ఎక్సెల్ కలిపి తెరిస్తే నత్తనడక నడుస్తోంది. పాతదానికి వేయించినట్టు దీనికీ ఇంకో 8 వేయించుకోవచ్చా? సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒకరు కుదరదన్నారు, ఇంకొకరు చేసిపెడతామన్నారు.
– కె.ఎస్., వరంగల్

జవాబు: ముందు మీరే చూసుకోండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ దగ్గర ‘సోడిమ్’ అని ఉంటే ర్యామ్ స్లాట్‌లో ఉన్నట్టే. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే చిప్పుల్ని మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేశారు. మీరు చెప్పినదాన్ని బట్టి రెండోదే అయ్యుంటుంది.

ఇదంతా పల్చదనం కోసమే అనుకుంటాం గానీ అది సగమే నిజం. ఈ మోడళ్లలో వాడే ఎల్‌పీడీడీఆర్ మెమరీ తక్కువ కరెంటుతో ఎక్కువ వేగంగా పనిచేస్తుంది. ఆ వేగం నిలవాలంటే ప్రాసెసర్‌కీ చిప్పులకీ మధ్య దారి చాలా పొట్టిగా ఉండాలి. 2020లో ఆపిల్ ఎం1, 2024లో ఇంటెల్ లూనార్ లేక్ అయితే మెమరీని ప్రాసెసర్ ప్యాకేజీ మీదికే ఎక్కించేశాయి. అయినా ఇక వేరే దారే లేదన్న మాట నేను ఒప్పుకోను. ఎల్‌పీక్యామ్2 అనే స్క్రూలతో బిగించే మాడ్యూల్ వచ్చింది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టి చూపించింది. చేయాలనుకుంటే చేయగలరు.

చేసిపెడతామన్నవారి సంగతి: చిప్పుల్ని వేడిగాలితో ఊడదీసి పెద్దవి వేసే పనివాళ్లున్నారు. కానీ బోర్డు సెట్టింగులూ దానికి తగ్గట్టు మార్చాలి. తేడా వస్తే బోర్డే పోతుంది. వద్దనే నా సలహా. దీన్ని మంచి ధర ఉండగానే అమ్మేసి, 16 జీబీది తీసుకోండి.

ప్రశ్న: టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేచి, క్లిక్ పడటం లేదు. కింద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోంది. టచ్‌ప్యాడ్ మార్పిస్తే సరిపోతుందా?
– పి.వి., రాజమండ్రి

జవాబు: ఇది చదవగానే ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్ ఆఫ్ చేయండి. మీరు చెప్పినవి బ్యాటరీ ఉబ్బిన లక్షణాలు. లోపల చదునుగా పరిచిన లిథియం పాలిమర్ సెల్స్‌లో గ్యాస్ చేరి, పైనున్న టచ్‌ప్యాడ్‌ని నెడుతోంది. వేలితో అదమకండి, సూదితో గుచ్చకండి, పరుపు మీదా బట్టల మధ్యా పెట్టకండి. చిల్లి పడితే మంట లేస్తుంది.

కొన్ని మోడళ్లలో బ్యాటరీ నాలుగైదు స్క్రూలతో ఊడి వస్తుంది. కొన్నిట్లో బలమైన జిగురుతో అతికిస్తారు. అలాంటిదాన్ని ఇంట్లో గీకి లేపడానికి ప్రయత్నించవద్దు. అనుభవం ఉన్నవారికే ఇచ్చి, ముందుగా ఒరిజినల్ బ్యాటరీ దొరుకుతుందో లేదో అడగండి. ఇకమీదట ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి పనిచేసేటట్టయితే ఛార్జింగ్ పరిమితిని 80 శాతానికి పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరుతోంది. బరువు లేనిదే కావాలంటోంది. నాలుగేళ్లు నిలవాలంటే ఏం చూడాలి?
– ఎం.ఆర్., ఒంగోలు

జవాబు: ర్యామ్ తర్వాత పెంచుకుందాంలే అనుకోవద్దు, 16 జీబీకి తగ్గకండి. ఎస్ఎస్‌డీ మాత్రం ఎం.2 స్లాట్‌లో ఉండేదే తీసుకోండి. రేపు బోర్డు పోయినా దాన్ని తీసి వేరే కేసులో పెట్టి, పాఠాలు, ప్రాజెక్టులు వెనక్కి తెచ్చుకోవచ్చు. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కావాలి, అది కొన్నరోజే కాగితం మీద రాసి పెట్టించండి.

డెల్, హెచ్‌పీ, లెనోవో చాలా మోడళ్ల సర్వీస్ మాన్యువళ్లు తమ సైట్లలోనే ఉచితంగా ఇస్తాయి. కొనేముందు అందులో బ్యాటరీ తీసే పేజీ ఒక్కటి చూడండి. మూత, స్క్రూలు, ఒక కనెక్టర్‌తో పని అయిపోతే కొనండి. మాన్యువలే దొరకని మోడల్‌ని, ఎంత అందంగా ఉన్నా, అమ్మాయికి కొనివ్వకండి.