ఆలస్యం రైలుది, అలసట నాది

సమస్య

మేము మూడు తరాలుగా బెంగాల్‌లోనే ఉంటున్నాం. తాతగారు సోంపేట వైపు పల్లె నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్)లో కలాసీగా ఖరగ్‌పూర్ వచ్చారు. నాన్న కూడా రైల్వేలోనే రిటైరయ్యారు. నాకు ఆ ఉద్యోగం రాలేదు. టికియాపారాలో రైలు పెట్టెలు శుభ్రం చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. జీతం 19,000.

రేక్, అంటే ఒక బండి పెట్టెల వరుస మొత్తం, శుభ్రం చేసే పిట్ లైను మీదికి రాగానే నా పరుగు మొదలు. మనుషుల హాజరు, ఫినాయిలు, మెషిన్లు, దుప్పట్లు తువ్వాళ్ల లెక్క, పెట్టె పెట్టెకీ ఫొటోలు, బిల్లు కాగితాలు, అన్నీ నేనే చూడాలి. ఎక్కడో పొగమంచుకో, పట్టాల పనికో బండి మూడు గంటలు లేటుగా వస్తుంది. మళ్లీ బయల్దేరే టైము మాత్రం సాధారణంగా మారదు. ఆ మూడు గంటలూ మా పనిలోంచే కోత. ఛఠ్ పండగకి మా వాళ్లలో సగం మంది బిహార్ వెళ్లిపోతారు. సరిగ్గా అప్పుడే స్పెషల్ బళ్లు పెరుగుతాయి. ఎక్కడైనా మరక కనబడితే ఓనరుకు జరిమానా, ఆ కోపం నా మీద. ‘నువ్వున్నావుగా, చూసుకో’ అంటాడు. నేనూ ‘అలాగే సార్’ అనేస్తాను.

ఈమధ్య ఫోను మోగకపోయినా మోగినట్టే ఉంటోంది. పడుకుంటే దుప్పట్ల లెక్కే బుర్రలో తిరుగుతుంది. ఏది ముందు మొదలుపెట్టాలో తోచక పెట్టె తలుపు దగ్గర అలా నిలబడిపోతున్నాను. ఇంట్లో పాప పలకరించినా విసుగే. లోకల్ ఎక్కితే రెండు మూడు గంటల్లో ఖరగ్‌పూర్, అయినా అమ్మను చూసి చాలాకాలమైంది. మానేద్దామంటే ఇంటద్దె, పాప ఫీజు. నాన్న ఇంతకంటే కష్టం చేశారు కదా, నాకే చేతకావడం లేదా?

– ఒక పాఠకుడు, టికియాపారా, హౌరా

సలహా

మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘ఆ మూడు గంటలూ మా పనిలోంచే కోత’ అన్నారు. పొగమంచు ఎక్కడ పడ్డా, ఆ నష్టాన్ని పూడ్చేది మీ ఒళ్లే అవుతోంది. మీరు ‘అలాగే సార్’ అన్న ప్రతిసారీ ఆ సంగతి ఎవరికీ కనబడకుండా పోతోంది. రైలు టైముకు కదిలింది కాబట్టి అంతా బాగానే ఉందని మీ ఓనరు అనుకుంటాడు. అనుకోకేం చేస్తాడు? ఆయనకు తెలిసేది మరక ఒక్కటే.

నాన్నగారితో పోల్చుకోవద్దు. ఆయన కష్టం ఎక్కువే కావచ్చు, కానీ డ్యూటీ దిగాక ఆయన జేబులో వాట్సాప్ గ్రూపులు లేవు. పైగా కష్టం ఒక్కటే మనిషిని కుంగదీయదు. అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే ఈ సంగతి చెప్పాడు: పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించే అధికారం తక్కువైనప్పుడే మనిషి బాగా నలిగిపోతాడని. బండి ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు, ఎప్పుడు కదలాలో లేదు, ఎంతమంది పనిలోకి వస్తారో లేదు. బాధ్యత మాత్రం మొత్తం మీదే. ఇందులో చేతకానితనం ఎక్కడుంది?

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, ఆ కోతను కాగితం మీదికి తేవడం. ప్రతి రేక్‌కీ నాలుగు అంకెలు రాయండి: రావాల్సిన టైము, మీ చేతికొచ్చిన టైము, వదలాల్సిన టైము, పనిలో ఉన్న మనుషులు. పని మొదలుపెట్టక ముందే ఓనరుకు మెసేజ్ పెట్టండి. ‘బండి మూడు గంటలు లేటు. ఆరుగురమే ఉన్నాం. టాయిలెట్లు, లోపల ఊడ్పు, బెడ్‌రోల్స్ పూర్తవుతాయి. బయటి వైపు కడగడం అవదు. వేరేది ముందు కావాలంటే ఇప్పుడే చెప్పండి.’ ఇందులో ఫిర్యాదు లేదు, ఎదురు తిరగడం లేదు. ఏది వదిలేయాలన్న నిర్ణయం ఆయన ముందు పెడుతున్నారంతే. రేపు జరిమానా పడితే ఆయన తన తరఫున చెప్పుకోవడానికీ ఆ లెక్క పనికొస్తుంది. అందుకే ఆయన్ను దాటి పైవాళ్లకు మాత్రం పంపకండి.

తలుపు దగ్గర నిలబడిపోవడం బద్ధకం వల్ల కాదు, పది పనులూ ఒకేసారి ముందుకు రావడం వల్ల. మెసేజ్‌లో రాసిన వరుసే మీకూ వరుస. మొదటిది అయ్యేదాకా రెండోదాని వంక చూడొద్దు. రేక్ మీద ఉన్నంతసేపూ గ్రూపుల శబ్దం ఆపేసి, అర్జెంటయితే కాల్ చేయమనండి. దుప్పట్ల లెక్క నమ్మకమైన పాత మనిషికి అప్పగించండి. అదనపు బాధ్యతకు అదనంగా ఎంతో కొంత ఇవ్వమని ఓనరును మీరే అడగండి. ఛఠ్ సెలవుల జాబితా దుర్గా పూజకు ముందే తయారుచేసి, ఎందరు తగ్గుతారో ఆయన చేతిలో పెట్టండి. ఏటా వచ్చే పండగ ఏటా హఠాత్తుగా రాకూడదు కదా.

ఇక రాత్రి సంగతి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 57 మంది మీద చేసిన చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే రోజుల పనుల జాబితా రాసినవాళ్లు, అప్పటికే పూర్తిచేసిన పనులు రాసినవాళ్లకంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. చిన్న అధ్యయనమే, కానీ ఖర్చు లేని పని. రేపటి లెక్కను కాగితం మీద పెట్టి చూడండి.

నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి సరిగ్గా లేకపోతే డాక్టర్ని కలవండి. మీ జీతానికి ఈఎస్ఐ ఉండాలి, కార్డు చూసుకోండి. హౌరాలోనే బాల్టికురిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి. ఇంట్లో కూడా సంగతి చెప్పండి. కారణం తెలియని విసుగు ఇంటివాళ్లను ఎక్కువ బాధపెడుతుంది.

ఉద్యోగం మానడం గురించి ఇంత అలసటలో నిర్ణయించుకోవద్దు. నెలరోజులు ఆ మెసేజ్‌లు పంపండి. ఓనరు ఒక్కదానికైనా స్పందించి మనిషినో, వెసులుబాటునో ఇస్తే అక్కడే ఉండండి. అన్నిటికీ ‘నువ్వున్నావుగా’ అనే బదులిస్తే మాత్రం, జీతం ఆగకుండా వేరే చోట వెతకడం మొదలుపెట్టండి. ఇన్ని రేక్‌లను ఇంత తక్కువ మందితో టైముకు వదిలిన మనిషి ఇంకో యజమానికీ కావాలి. ఈలోగా అమ్మను చూసే రోజుకు సెలవు ఇప్పుడే రాసివ్వండి. ఖాళీ దొరికినప్పుడు వెళదామనుకుంటే మీ ఉద్యోగంలో ఆ ఖాళీ దొరకదు.