కంప్యూటర్ తెర: పనికి ఏది? ఆటకు ఏది?



మన కంప్యూటర్ గదిలో రెండు తెరలు పాడైన సంగతి అందరికీ తెలుసు. వాటి బదులు ఏం కొనాలో పిల్లలే ఆలోచించి రాసి ఇవ్వమని మేడం గారు చెప్పారు. కొందరు అక్కలు "వంగిన పెద్ద ఆట తెర ఒక్కటి కొందాం" అంటున్నారు. ఆ డబ్బుతో మామూలువి రెండు వస్తాయని కంప్యూటర్ సారు చెప్పారు. మొదట నేను కూడా ఆట తెరకే చెయ్యెత్తాను. తర్వాత నా మనసు మారింది. ఎందుకు మారిందో ఈ వ్యాసంలో రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

పత్తర్‌గట్టిలో చూసినది

విజ్ఞాన యాత్రకు హైదరాబాదు పోయినప్పుడు చార్మినార్ చూసినంక మదీనా దిక్కు నడిచాం కదా. ఆ దారే పత్తర్‌గట్టి. రెండు పక్కలా రాతి కమానులు, వాటి కింద ముత్యాల దుకాణాలు, బట్టల దుకాణాలు, అత్తరు వాసన. 1908లో మూసీ వరదకు నగరం చాలా పాడైంది. 1912లో నగర అభివృద్ధి బోర్డు పెట్టారు. ఆ బోర్డు కట్టించినవే ఈ రాతి దుకాణాలని సోషల్ మేడం చెప్పారు.

దాని పక్కనే ఛత్తా బజార్. అక్కడ పెళ్ళి కార్డులు అచ్చు వేస్తారు. ఉర్దూ కార్డులను పూర్వం కాతిబులు కలంతో అందంగా రాసేవారట. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ మీద అవుతుంది.

మేము ఒక దుకాణంలోకి పోయాం. ఒక కంప్యూటర్ మీద ముసలి తాత పెళ్ళి కార్డు చేస్తున్నాడు. ఇంకో దాని మీద ఆయన మనుమడు కారు పందెం ఆట ఆడుతున్నాడు. మనుమడి తెర పెద్దది, వంగి ఉంది, మెరుస్తోంది. మనమంతా దాని చుట్టే చేరినం. నేను మాత్రం తాతను అడిగాను: "తాతా, మంచి తెర ఆయనకిచ్చి మీరు చిన్నది పెట్టుకున్నరేంటి?"

తాత నవ్విండు. "బేటీ, ఉర్దూలో బే, పే, తే, మూడింటికీ ఒంపు ఒక్కటే. కింద ఒక చుక్క ఉంటే బే. కింద మూడుంటే పే. మీద రెండుంటే తే. చుక్క సరిగ్గ కనపడకపోతే పెళ్ళికొడుకు పేరే మారిపోతది. వానికి ఉరికే తెర కావాలె. నాకు చుక్క కనపడే తెర కావాలె" అన్నాడు.

ఆ మాట వినంగానే నాకు మా నాయన గుర్తొచ్చిండు. మా ఇంటి పేరు ఆత్రం. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక చోట నా సర్టిఫికెట్‌లో ర ఒత్తు పోయి "ఆతం" అని పడింది. అక్కడి తెర పాతది, అక్షరాలు మసక మసకగా ఉన్నాయి. టైపు చేసే అన్న దాన్ని చూసి "సరిగ్గనే ఉంది" అన్నాడు. నాయనకు చదువు రాదు, ఆ కాగితం అట్లనే తెచ్చాడు. ఇంటికొచ్చినంక నేను చదివితే తప్పు తెలిసింది. ఆ ఒక్క ఒత్తు కోసం నాయన మూడు రోజుల కూలి పోగొట్టుకున్నాడు.

1. చుక్కల లెక్క

తెర మీది బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలే. వీటిని పిక్సెళ్ళు అంటారు. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటే దాన్ని ఫుల్ హెచ్.డి. అంటారు. గుణించి చూడండి, 20,73,600 వస్తుంది.

తెర కొలతను మూల నుంచి ఎదురు మూలకు కొలుస్తారు. 24 అంగుళాల తెరలో ఈ చుక్కలు అంగుళానికి సుమారు 92 పడతాయి. అవే చుక్కలు 27 అంగుళాల తెరలో అంగుళానికి 82 మాత్రమే పడతాయి. విత్తనాలు అవే ఉండి చేను పెద్దదైతే మొలకలు దూరం దూరం అయినట్టు. కాబట్టి పెద్ద తెర అంటే అక్షరం బాగా కనపడుతుందని అనుకోవద్దు. 27 అంగుళాలది కావాలంటే 2560, 1440 చుక్కలున్నది చూడాలి. దాంట్లో అంగుళానికి 109 పడతాయి. ధర కూడా ఎక్కువ.

మన తెలుగుకు ఇది చాలా ముఖ్యం. "స్త్రీ" అని రాసి చూడండి. స, త ఒత్తు, ర ఒత్తు, ఈకారం అన్నీ ఒక్క చోటే ఇమడాలి. మన గోండి భాషకు గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత ప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. రేపు మన అక్షరాలు కూడా తెర మీద చదువుకోవాలి గదా.

2. వేగం లెక్క

నోటు బుక్కు మూలల్లో ఒక్కో పేజీకి ఒక్కో బొమ్మ గీసి గబగబ తిప్పితే బొమ్మ కదులుతుంది. తెర కూడా అంతే. 60 హెర్ట్జ్ అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతుంది. ఒక్కో బొమ్మకు సుమారు 16.7 మిల్లీ సెకన్లు. 144 హెర్ట్జ్ అయితే సుమారు 6.9 మిల్లీ సెకన్లే. కారు పందెంలో, తుపాకి ఆటలో ఇది బాగా పనికొస్తుంది. కదలిక నున్నగా ఉంటుంది.

ఆట తెరకు ఇంకో గుణం ఉండాలి. చుక్క రంగు తొందరగా మారాలి. నల్లబల్లను సరిగ్గా తుడవకపోతే పాత లెక్క గీతలు కొత్త లెక్క వెనక కనపడతాయి. చుక్క నెమ్మదిగా మారితే కారు వెనక అట్లనే నీడ పడుతుంది.

కాని సెకనుకు 144 బొమ్మలు తయారు చేసే బలం కంప్యూటర్‌కు కూడా ఉండాలి. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మన కంప్యూటర్లలో అది లేదు. ఇక టైపు చేసిన అక్షరం నిలబడి ఉంటుంది, ఉరకదు. పేజీ జరిపేటప్పుడు కొంచెం నున్నగా ఉంటుంది, అంతే.

3. పక్క నుంచి చూపు

మనం ఒక్కో కంప్యూటర్‌కు ముగ్గురం కూర్చుంటాం. టి.ఎన్. రకం తెర వేగంగా మారుతుంది కాని పక్క నుంచి చూస్తే వెలిసిపోయినట్టు ఉంటుంది. వి.ఎ. రకంలో నలుపు బాగా నల్లగా ఉంటుంది. ఐ.పి.ఎస్. రకం పక్క నుంచి కూడా రంగు చెడకుండా కనపడుతుంది. వంగిన తెర నడుమ కూర్చున్న ఒక్కరికే అనుకూలం. మిగతా ఇద్దరి సంగతి ఏమిటి?

4. కళ్ళ సంగతి

తెర చూసేటప్పుడు మనం రెప్పలు తక్కువ కొడతాం. అందుకే కళ్ళు మండుతాయి. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన ఉన్న వస్తువును 20 సెకన్లు చూడాలి. మన గది కిటికీలోంచి చింతచెట్టును చూడవచ్చు. తెర మూరెడు దూరంలో కన్నా దగ్గర ఉండకూడదు. దాని పై అంచు కంటి ఎత్తుకు మించకూడదు.

కొనేటప్పుడు చూడవలసినవి

అ) చిన్న అక్షరాలతో ఒత్తులున్న తెలుగు పేజీ తెరిపించి చదవాలి.
ఆ) పక్కకు జరిగి చూడాలి.
ఇ) తెల్ల పేజీ పెట్టి చచ్చిన చుక్కలు ఉన్నాయేమో వెతకాలి.
ఈ) మన పాత కంప్యూటర్లకు వి.జి.ఎ. తీగ ఉంది. కొత్త తెరల్లో కొన్నిటికి హెచ్.డి.ఎం.ఐ. మాత్రమే ఉంటుంది. రెండూ ఉన్నది అడగాలి.
ఉ) గ్యారంటీ ఎన్నేళ్ళో బిల్లు మీద రాయించుకోవాలి.

నా అభిప్రాయం

ఆట చెడ్డదని నేను అనటం లేదు. ఆదివారం చదరంగం ఆడటానికి 60 హెర్ట్జ్ తెర చాలు. కాని ఒక్క ఆట తెర కొంటే ముగ్గురం కూర్చుంటాం, రెండు పని తెరలు కొంటే ఆరుగురం కూర్చుంటాం. కాబట్టి 24 అంగుళాల ఫుల్ హెచ్.డి., ఐ.పి.ఎస్. రకం తెరలు రెండు కొనాలని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను.

వచ్చే ఏడాది మనం పదో తరగతి. మన ఊళ్ళ దరఖాస్తులు, మన అమ్మానాయనల పేర్లు మన చేతులతోనే టైపు చేసే రోజు వస్తది. అప్పుడు ఏ ఒత్తూ పోకుండా మనమే చూసుకోవాలి.

ప్రశ్నలు (జవాబులు రాసి కింది సంచిలో వేయండి)

1. 2560ని 1440తో గుణిస్తే ఎన్ని చుక్కలు?
2. మీ ఇంటి పేరులో ఒత్తు ఉందా? అది పోతే ఏమని చదువుతారు?

— 9వ తరగతి, ఆత్రం వారి అమ్మాయి