దీపం మార్చే ముందు కాలమ్ సంగతి

అమెరికాలో పాత షెవ్రొలే కార్వెట్ కొనుక్కున్న మన పిల్లలు నన్ను తరచూ అడిగేది మీటర్ల గురించే. స్పీడోమీటరు దీపం వెలగదు, ముల్లు వణుకుతుంది, వెనక్కి చెయ్యి దూరదు. 1968 నుంచి 1977 దాకా వచ్చిన మోడళ్లలో స్పీడోమీటరు, టాకోమీటరు స్టీరింగ్ వెనకే ఉంటాయి. స్టీరింగ్ కాలమ్ దించితే గాని ఆ మీటర్ల పలక బయటికి రాదు. ఈ పని ఇంట్లో చేసుకోదగ్గదే. అనుభవంతో తెలిసినవి చెబుతాను, వినండి.

1. దించుతున్నదేమిటో తెలుసుకోండి. జనరల్ మోటార్స్ 1967 మోడళ్ల నుంచి, కారు దేన్నైనా గుద్దుకుంటే కుంగిపోయే కాలమ్ పెట్టింది. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో దీనికి ప్రభుత్వ నిబంధనలూ వచ్చాయి. లోపలి భాగాలు ఒకదానిలోకి ఒకటి జారేలా ఉంటాయి. వాటిని ప్లాస్టిక్ పిన్నులు పట్టి ఉంచుతాయి. గట్టి దెబ్బకు పిన్నులు తెగి, కాలమ్ కుంగి, డ్రైవరు ఛాతీని కాపాడుతుంది. అందుకే దాన్ని సుత్తితో కొట్టకండి, దాని మీద బరువు మోపకండి, గాల్లో వేలాడనివ్వకండి.

2. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. తాళంచెవి తీసినా డాష్‌బోర్డు వెనక కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది.

3. విప్పే ప్రతిచోటా ఫోటో తీసుకోండి. కాలమ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య స్పేసర్లు ఉంటే ఏది ఎక్కడిదో రాసుకోండి.

4. చక్రాలు తిన్నగా ఉంచి, కాలమ్ కింది మూత తీయండి. కాలమ్ అడుగున, కాళ్ల దగ్గరుండే ప్లేటు స్క్రూలు కాస్త వదులు చేస్తే చాలు. ఆ తర్వాతే డాష్ కింది బ్రాకెట్ విప్పండి. ఆ సమయంలో స్టీరింగ్ పట్టుకోవడానికి మరో మనిషి ఉండాలి. సీటు మీద దుప్పటి మడతపెట్టి, కాలమ్‌ను దాని మీద ఆనించండి. 1969 నుంచి తాళం కూడా కాలమ్ మీదికే వచ్చింది కాబట్టి దాని వైర్లు లాక్కుపోకుండా చూసుకోండి.

5. పలకను ఒక్కసారిగా లాగకండి. కొంచెం ముందుకు తెచ్చి, చెయ్యి దూర్చి స్పీడోమీటరు కేబుల్ విడదీయండి. 1974 దాకా టాకోమీటరుకు కూడా డిస్ట్రిబ్యూటరు నుంచి కేబులే వచ్చేది, 1975 నుంచి వైరు వచ్చింది. ఇన్నేళ్ల ప్లాస్టిక్ ఎండి పెళుసుబారి ఉంటుంది, స్క్రూలు సున్నితంగా తిప్పండి.

6. పలక చేతికొచ్చాక బల్బులన్నీ మార్చేయండి. ముల్లు వణుకుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. లోపలి తీగ లాగి, తుడిచి, కింది భాగానికి పలచగా గ్రీజు రాయండి. మీటరు వైపు కొస పొడిగానే ఉండాలి. అక్కడ రాస్తే గ్రీజు లోపలికి పాకి మీటరును పాడుచేస్తుంది.

7. ఎర్త్ వైర్లు మరవకండి. కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్‌ది, కరెంటును తిరిగి బ్యాటరీకి చేర్చలేదు. ఇనుప బాడీ కార్లలో బాడీయే చేసే పని ఇక్కడ ఎర్త్ వైర్లు చేయాలి. డాష్‌బోర్డు మధ్యలోని పెట్రోలు మీటరు ముల్లు ఫుల్ దాటిపోయి అక్కడే నిలిచిందంటే మీటరు కొనే ముందు ట్యాంకు దగ్గరి ఎర్త్ చూడండి. ట్యాంకులోని సెండరు ఖాళీకి 0, నిండుకు సుమారు 90 ఓమ్‌లు చూపాలి. ఎర్త్ తెగితే మీటరు దాన్ని అంతకన్నా ఎక్కువగా లెక్కిస్తుంది.

8. పలకను తిరిగి బిగించాక, కాలమ్ కిందే ఉండగా బ్యాటరీ తగిలించి దీపాలన్నీ పరీక్షించండి. సరిగ్గా ఉంటే బ్యాటరీ మళ్లీ తీసి, కాలమ్ ఎక్కించండి. పాత బోల్టులే వాడండి. పొడవైనవి పెడితే ప్రమాద సమయంలో కాలమ్ కుంగకుండా అడ్డుపడొచ్చు. ముందు అన్నీ చేత్తో పట్టించి, తర్వాత మీ మోడల్ సర్వీసు మాన్యువల్ చెప్పినంత బిగించండి. స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడండి. హారన్, ఇండికేటర్లు, స్టీరింగ్ తాళం కూడా చూసుకుని, మొదట ఇంటి వీధిలోనే నెమ్మదిగా నడపండి.

9. ఈ పాఠాలు ఎయిర్‌బ్యాగ్ లేని కార్లకే. కార్వెట్‌లో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 1990లో వచ్చింది. అలాంటి కారైతే ఆ పని నేర్చినవారికే అప్పగించండి. వెలగని దీపం రేపైనా వెలిగించుకోవచ్చు, ప్రాణం కాపాడే భాగాన్ని మాత్రం ఈరోజే సరిగ్గా బిగించాలి.