దస్తావేజు అంకెలైన విధము

పల్నాడు జిల్లాలో వినుకొండకు చేరువగా నూజెండ్ల అను మండల కేంద్రము కలదు. చుట్టును పొలములే. ఇటువంటి యూళ్ళలో రైతు ఇంటి ఇనుపపెట్టె అడుగున, గుడ్డలో చుట్టిన పాత దస్తావేజు ఒకటి యుండుట సామాన్యము. పొలము అమ్మినవారెవరు, కొన్నవారెవరు, సర్వే నెంబరు ఏది, విస్తీర్ణము ఎన్ని ఎకరముల ఎన్ని సెంట్లు, తూర్పున ఎవరి చేను, పడమట ఏ డొంక, ఇవి యన్నియు అందు వ్రాయబడి యుండును. అడుగున సాక్షుల సంతకములును, వ్రాయనేరని వారి వేలిముద్రలును ఉండును. ఆ కాగితము చెదలు తిన్నను, వానకు నానినను ఆ కుటుంబమునకు కలుగు నష్టము ఇంతయని చెప్పరాదు. కావున దానికి నకలు తీయించి వేరొకచోట దాచవలెనను తలంపు ప్రతి తరమునకును కలుగుచునే యున్నది.

పూర్వము రిజిస్ట్రేషను కార్యాలయములలో ప్రతి దస్తావేజును గుమాస్తా పెద్ద బైండు పుస్తకములోనికి చేతితో ఎక్కించెడివాడు. ఆ పని ముగియువరకు అసలు కాగితము చేతికి రాదు. వ్రాయువాని చేయి తడబడినచో తప్పును నకలుతోపాటే నిలిచిపోవును. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డ్' అను పేర ఈ కార్యాలయములలో 200కు పైబడిన వాటియందు కంప్యూటర్లను ప్రవేశపెట్టెను. తరువాత చేతివ్రాత నకలు క్రమముగా తొలగి, దాని స్థానమున స్కానరు నెలకొన్నది.

స్కానరును కూడ ఒక విధమైన గుమాస్తాగా పలువురు భావింతురు. అది సరికాదు. గుమాస్తా చదివి వ్రాయును. స్కానరునకు అక్షరము తెలియదు, అంకె తెలియదు. సంతకమునకును సిరామరకకును గల భేదము తెలియదు. అది ఎరిగినది వెలుతురొక్కటే.

దానిపై ఒక గాజుపలక యుండును. కాగితమును వ్రాతవైపు క్రిందికి వచ్చునట్లు పలకపై బోర్లించి మూత వేయవలెను. పలక క్రింద ఒక దీపము ఈ కొననుండి ఆ కొనకు మెల్లగా సాగును. తెల్లని చోట వెలుతురు మిక్కుటముగా తిరిగి వచ్చును. సిరా ఉన్న చోట కొంచెమే వచ్చును. తిరిగి వచ్చిన వెలుతురును వరుసగా అమర్చిన సూక్ష్మమైన గ్రాహకములు అందుకొని విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు బలమును యంత్రము ఒక అంకెగా కొలుచును. నలుపునకు 0, శుభ్రమైన తెలుపునకు 255, నడుమ నున్న బూడిద వన్నెలకు నడిమి అంకెలు. కాగితము ఆ కొన చేరునప్పటికి దస్తావేజు అంకెల పట్టికయై కంప్యూటరులోనికి పోవును.

పట్టికలోని ఒక్కొక్క గడికి పిక్సెలు అని పేరు. పల్నాటి ఇండ్లలో నాపరాళ్ళు పరచిన వసారాను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఒక్కొక్క రాయికి ఒకే రంగు వేయవచ్చును, సగము ఎరుపు సగము తెలుపు కూడదు అని నియమము పెట్టి, ఆ వసారాపై ఒక బొమ్మను వేయుమన్నారనుకొందము. పెద్ద రాళ్ళయినచో బొమ్మ మోటుగా నుండును. రాళ్ళు చిన్నవగుకొలది రూపు తేరును. పిక్సెలునందును అంతే, ఒక పిక్సెలునకు ఒకే వన్నె.

ఛాయాచిత్రమును ఈ విధముగా అంకెలుగా మార్చి కంప్యూటరుకు మొదట అందించినవాడు రస్సెల్ కిర్ష్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు. ఆయన 1957లో అచ్చటి జాతీయ ప్రమాణముల సంస్థలో పనిచేయుచు, మూడు నెలల తన కుమారుని ఛాయాచిత్రమును స్కాను చేసెను. ఆ చిత్రము 5 సెంటీమీటర్ల చదరము. నిలువునకు 176, అడ్డమునకు 176 గడులు. మొత్తము 30,976 పిక్సెళ్ళు. ఆ కంప్యూటరు ఒక్కొక్క గడిని నలుపనియో తెలుపనియో మాత్రమే గుర్తింపగలిగెను. అందుచేత కిర్ష్ బృందము, ఎంత వెలుతురునకు పైన తెలుపనవలెనో ఆ హద్దును మార్చి మార్చి పలుమారులు స్కాను చేసి, ఆ ప్రతులను కలిపి బూడిద వన్నెలను రాబట్టిరి. పసివాని బుగ్గల నునుపు అట్లు కాని దొరకలేదు.

అంగుళము పొడవున ఎన్ని పిక్సెళ్ళు తీయబడునో ఆ లెక్కకు రిజల్యూషను అని పేరు. వాడుకలో దీనిని డీపీఐ అందురు. 100 డీపీఐలో ఒక పిక్సెలు ఇంచుమించు పావు మిల్లీమీటరు. ఇది చిన్నదే కదా యనిపించును. కాని దకారమునకును ధకారమునకును భేదము అడుగున నున్న చిన్న గీతయే! పాత పాళీతో వ్రాసిన సన్నని గీత పావు మిల్లీమీటరులో కలిసిపోయినచో ఇంటిపేరే మారిపోవును. కావున వ్రాతకాగితములకు 300 డీపీఐ వాడుక. కొన్ని యంత్రముల పెట్టెలపై వేలకొలది డీపీఐ అని అచ్చువేసి యుండును. అందులో గ్రాహకములు నిజముగా చూచునది కొంతయే. తక్కినది యంత్రము ఇరుగుపొరుగు పిక్సెళ్ళను చూచి ఊహించి నింపునది. ఊహతో నింపిన దానివలన దస్తావేజులో లేని స్పష్టత రాదు.

ఏ4 అను పరిమాణము గల కాగితమును 300 డీపీఐలో స్కాను చేసినచో అడ్డమునకు 2,480, నిలువునకు 3,508 పిక్సెళ్ళు వచ్చును. మొత్తము దాదాపు 87 లక్షలు. రిజల్యూషను రెట్టింపు చేసినచో పిక్సెళ్ళు నాలుగు రెట్లగును.

కంప్యూటరు అంకెలను 0, 1 అను రెండు గుర్తులతోనే దాచును. అట్టి గుర్తు ఒక్కటి బిట్టు. ఎనిమిది బిట్లు ఒక బైటు. నలుపు తెలుపులు మాత్రమే చాలునన్నచో పిక్సెలునకు ఒక బిట్టు చాలును; పై కాగితమునకు సుమారు 11 లక్షల బైట్లు పట్టును. బూడిద వన్నెలు కావలెనన్న పిక్సెలునకు ఒక బైటు చొప్పున 87 లక్షల బైట్లు. రంగులు కావలెనన్న ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటికి మూడు బైట్లు, అనగా 2 కోట్ల 61 లక్షలు. పని జరుగునంతసేపు ఈ అంకెలు పలకపై లెక్కవలె ర్యాములో నుండి, కరెంటు పోయినచో చెరిగిపోవును. 'సేవ్' చేసిన పిదపనే ఫైలుగా డిస్కునందు నిలుచును.

స్థలము కలిసివచ్చునని దస్తావేజును ఒక బిట్టు పద్ధతిని తీయువారు కలరు. అక్కడనే చిక్కు. వెలిసిన ఊదారంగు వేలిముద్ర తెలుపు హద్దుకు పైన పడినచో ఆ తావు శూన్యముగా కనబడును. హద్దును పెంచినచో కాగితపు మడతలును, పసుపు మరకలును నల్లబడి వ్రాతను మ్రింగును. రంగులలో తీసిన ప్రతినుండి నలుపు తెలుపుల ప్రతిని ఎప్పుడైనను చేసికొనవచ్చును. నలుపు తెలుపుల ప్రతినుండి వేలిముద్రను మరల రప్పింప వీలులేదు.

ఫైలును చిన్నది చేయుటకు కంప్రెషను అను ఉపాయము కలదు. వరుసగా 500 తెల్లని పిక్సెళ్ళున్నచో వాటిని విడివిడిగా వ్రాయక '500 తెలుపులు' అని వ్రాసికొనుట ఒక మార్గము. ఇందులో పోవునది ఏమియు లేదు. టిఫ్ ఫైళ్ళలో ఇట్టి పద్ధతులు వాడబడును. జేపెగ్ పద్ధతి వేరు; కంటికి అంతగా తెలియని వివరములను అది విడిచిపెట్టును. ఛాయాచిత్రములకు అది మేలే, కాని అతిగా కుదించినచో అక్షరముల అంచులు చెదరును. మూడవ పద్ధతి యొకటి కలదు. పుటలో ఒకే పోలికగల గుర్తులను గాలించి, వాటిలో ఒకదానినే దాచి, తక్కినచోట్ల దానినే అతికించుట.

ఈ మూడవ పద్ధతి తెచ్చిన అనర్థమును 2013లో జర్మనీ దేశపు కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీసెల్ బయటపెట్టెను. జిరాక్సు కంపెనీవారి యంత్రమున స్కాను చేసిన ఒక ఇంటి ప్లానులో మూడు గదుల వైశాల్యములు వేర్వేరుగా నుండవలసినవి. స్కాను ప్రతిలో మూడును 14.13 చదరపు మీటర్లని వచ్చెను. అసలు కాగితమున వానిలో ఒకటి 21.11, మరొకటి 17.42. ఇతర పుటలలో 6 అంకె 8గా మారుటయు కనబడెను. కంపెనీవారు పిదప ఆ దోషమును సవరించు సాఫ్టువేరును విడుదల చేసిరి. మసకగా నున్నచో చదువువానికి అనుమానమైనను కలుగును. ఈ తప్పుటంకెలు అచ్చుగ్రుద్దినట్లు తేటగా నుండెను! పొలము దస్తావేజులో 6 సెంట్లు 8 సెంట్లయినచో వచ్చు తగవు ఎట్టిదో నూజెండ్ల రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

స్కాను చేసిన పుట కంప్యూటరు తెరపై చక్కగా కనబడుచున్నను, అందులో ఒక పేరును వెదకుమన్నచో కంప్యూటరు వెదకలేదు. దానియొద్ద నున్నవి వన్నెల అంకెలే కాని అక్షరములు కావు. బొమ్మనుండి అక్షరములను పోల్చుకొను ప్రక్రియకు ఓసీఆర్ అని పేరు. అచ్చు తెలుగును ఇది చాలవరకు చదువగలదు. ఒత్తులు, గుణింతములు ఒకదానిపై నొకటి చేరుటచే తెలుగు కొంత కష్టము; ఇక గొలుసుకట్టు చేతివ్రాతయన్నచో తరచుగా తప్పులు దొర్లును. కావుననే రిజిస్ట్రేషను కార్యాలయమున దస్తావేజును స్కాను చేయుటతో పని ముగియదు. పేర్లు, సర్వే నెంబరు, విస్తీర్ణము మొదలగువానిని కంప్యూటరులో వేరుగా నమోదు చేయుదురు. ఒక పొలముపై ఏయే లావాదేవీలు జరిగినవో తెలుపు ఈసీ యను పత్రము ఆ నమోదునుండియే వచ్చును.

ఆ కంప్యూటరు నమోదు 1983 జనవరి 1 నుండి జరిగిన వాటికి లభించును. అంతకు మునుపటి దస్తావేజుల సంగతి తెలియవలెనన్నచో సబు రిజిస్ట్రారు కార్యాలయమున పాత బైండు పుస్తకములను తిరగవేయింపవలసినదే. తాతలనాటి కాగితము ఇంటి పెట్టెలో నున్నవారు దానిని 300 డీపీఐకి తగ్గకుండ, రంగులలో స్కాను చేయించి, ఫైలు తెరచి, సర్వే నెంబరును సెంట్లను హద్దులను అసలు కాగితముతో ఒక్కొక్కటిగా సరిచూచి, ఆ తరువాతనే దస్తావేజును మరల గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుదురు.