కట్ట కింద బురద ఊట - గండికి ముందు కబురు

చెరువు నిండితే ఊరికంతా సంబురమే. అయితే వానకాలంలో రైతులు మత్తడి దుంకుడు చూసి ఇంటికి పోతారు గానీ, కట్ట అడుగుకు దిగి చూసేవారు తక్కువ. ముప్పు మొదలయ్యేది అక్కడే.

భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న 7వ బ్లాకు పిల్లర్లు కుంగాయి. ఎవరో కావాలని చేశారేమోనన్న అనుమానంతో మొదట పోలీసు కేసు పెట్టారు. తర్వాత జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు పరిశీలించి ప్లాను, డిజైను, నాణ్యత, నిర్వహణ లోపాలను ఎత్తిచూపారు. పునాది కింది ఇసుక నీటితో కొట్టుకుపోయిందని చెప్పారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం - ఇంటికన్నె మధ్య వరదకు రైలు పట్టాల కింది కంకర, మట్టి పోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అంతటి కట్టడాలకే అడుగు జారితే నిలకడ లేదు. మన మట్టికట్ట సంగతి చెప్పాలా?

గుర్తుపట్టడం ఎలా?

ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొక్కలు, చచ్చిన చెట్ల వేర్లు, తూము పక్క సందులు నీటికి దారులు. ఊట తేటగా, ఎప్పటిలాగే ఉంటే భయం లేదు. ఊట పెరిగినా, బురదగా మారినా, దాని చుట్టూ ఇసుక కుప్ప చేరినా కట్ట లోపలి మట్టి బయటికి వస్తున్నదని తెలుసుకోవాలి.

ఏం చేయాలి?

1. బురద ఊటను బంకమట్టితో మూసేయవద్దు. నీరు ఇంకోచోట పగిలి వస్తుంది. ముందు ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన రాళ్లు పరచాలి. నీరు పోవాలి, మట్టి ఆగాలి.

2. తూము తెరిచి చెరువు మట్టం తగ్గించాలి.

3. నీటిపారుదల శాఖ ఏఈకి, దిగువ ఊళ్లకు వెంటనే కబురు చేయాలి. పిల్లలను, పశువులను కట్ట కిందికి పోనివ్వవద్దు.

4. చేపలు పోతాయని మత్తడికి వలలు కట్టడం, నీళ్లు నిలుస్తాయని ఇసుక బస్తాలు పెట్టడం మానాలి. పొలం మునుగుతున్నదని రాత్రివేళ మత్తడి పగలగొట్టడం నేరం. అది దిగువ రైతు కొంప ముంచుతుంది.

జనగామ వంటి మెట్ట ప్రాంతంలో చెరువు తెగితే ఆ ఏటి నాటుతోపాటు బావులు, బోర్ల ఊటలూ తగ్గుతాయి. పొలాల్లో ఇసుక మేటలు పడతాయి. వాన పడిన మర్నాడు ఇద్దరు కలిసి, చేతిలో పార పట్టుకుని కట్ట అడుగు వెంట నడవండి. ఆ గంట పని ఊరి పంటను కాస్తుంది.